ఊరి కాగితములు - వాటిని కాపాడు విధము

అశోకుని శాసనములు ఎక్కడెక్కడ ఉన్నవో మన హైస్కూలు విద్యార్థి చెప్పగలడు. విజయనగర రాజుల పేర్లను వరుసగా అప్పగించగలడు. కాని తన ఊరి చెరువుకట్ట ఏ యేట తెగినది, తన బడి ఏనాడు పుట్టినది, నలుబది ఏండ్ల క్రిందట సంతలో వేరుసెనగ ధర యెంత అని అడిగినచో అతనికి తోచదు. ఉపాధ్యాయునికి కూడ తోచకపోవచ్చును. ఈ ప్రశ్నలకు సమాధానములు లేకపోలేదు. అవి ఒక ఇంటి అటకమీద గుడ్డమూటలోనో, ఒక సంఘపు ఇనుప బీరువాలోనో, పాత హాజరుపట్టీలోనో ఉండియుండును. మనము ప్రశ్న అడుగుటకు పూర్వమే చెదలు వాటిని చదువుచుండును. చెదపురుగునకు పురాణమైనను, పన్ను రశీదైనను రుచి ఒక్కటే.

ఇట్టి కాగితములను ఒకచోట చేర్చి, క్రమముగా అమర్చి, అడిగినవారికి చూపగల ఏర్పాటునే దస్త్రాగారము అందురు. పెద్ద భవనము, పెద్ద జీతములు ఉన్నగాని ఇది సాధ్యము కాదని పలువురి భావము. అది నిజము కాదు. ఊరి కాగితము నిలువవలెనన్న రెండు రక్షణలు కావలెను. మొదటిది వస్తువునకు రక్షణ. దీనిని రసాయన శాస్త్రము నేర్పును. రెండవది అర్థమునకు రక్షణ; దీనిని ఒక మంచి పట్టిక ఇచ్చును. ఈ రెంటిలో ఏ ఒక్కటి లోపించినను రెండవది వ్యర్థమగును. ఇందుకు మన చిత్తూరు సీమలోనే చక్కని ఉదాహరణములు కలవు.

తిరుమల రాగిరేకులు

తాళ్లపాక అన్నమాచార్యుడు 15వ శతాబ్దమున రచించిన సంకీర్తనలను, ఆయన వంశీయుల కృతులను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని ఒక చిన్న రాతిగదిలో భద్రపరచిరి. ఆ రేకులు రెండు వేలకు పైబడినవి. తాటాకు కొన్ని వందల ఏండ్లకు పొడియగును. కాగితము అంతకు ముందే పోవును. రాగి అట్లు కాదు. గాలి తగిలినపుడు దాని పైభాగమున పలుచని ఆక్సైడు పొర యేర్పడి లోపలి లోహమును కాపాడును. తేమ యెక్కువైనపుడు మాత్రమే పచ్చని చిలుము పట్టును. రాగిని పురుగు తినదు, బూజు పట్టదు. రాతిగది గనుక నిప్పుభయము తక్కువ. వస్తువునకు ఇంతకంటె మంచి రక్షణను ఊహించుట కష్టము.

కాని అర్థమునకు రక్షణ లేకపోయెను. 1816లో ప్రకటించిన తన తెలుగు వ్యాకరణమున కాంబెల్ అను ఇంగ్లీషు ఉద్యోగి ఈ రాగిరేకుల ప్రస్తావన చేసెను. వాటిలో ప్రాచీన వ్యాకరణ మేదైన ఉండునేమోనని ఆయన నకళ్లు తెప్పించి చూడగా, అవి దేవుని కీర్తనలని తేలినది. ఆయనకు కావలసినది వ్యాకరణము. కనుక విషయము అంతటితో ముగిసినది. ఏ గదిలో ఏమి ఉన్నదో, ఎవరి రచనయో, ఎన్ని రేకులో తెలుపు పట్టిక లోకమునకు అందలేదు. తిరిగి 1922 ప్రాంతమున దేవస్థానపు శాసన పరిశోధకుడు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలగువారి కృషివలన అవి వెలుగులోనికి వచ్చినవి. పిమ్మట వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరింపగా సంపుటములుగా వెలువడినవి. అనగా కాంబెల్ చూచిన తరువాత కూడ నూరేండ్లకు పైగా అన్నమయ్య పాట రాగిపై చెక్కుచెదరక ఉండియు లోకమునకు లేనట్లే ఉండెను. పట్టిక లేని భద్రత పాతిపెట్టుటతో సమానమని ఈ చరిత్ర తెలుపుచున్నది.

మన జిల్లా కాగితములు ఎక్కడ?

రాగిరేకులు ఒక్కచోటనే ఉండినవి. ఊళ్ల కాగితముల సంగతి ఇంకను చిక్కు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న యేర్పడినది. అంతకు పూర్వము చిత్తూరు, చంద్రగిరి ప్రాంతములు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను, మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు కడప జిల్లాలోను ఉండెడివి. 1960లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రముల మధ్య ఎల్లలు సవరించినపుడు తిరుత్తణి అటు పోయినది; సత్యవేడు ఇటు వచ్చినది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి కేంద్రముగ వేరొక జిల్లా యేర్పడినది. ఎల్ల మారిన ప్రతిసారియు కొన్ని దస్త్రములు బండ్లమీద కదలినవి. కొన్ని పాతచోటనే మిగిలినవి. దస్త్రము అధికారి వెంట పోవునుగాని ఊరి వెంట రాదు. కాబట్టి మదనపల్లె చరిత్రను వెదకువాడు మదనపల్లెలోనే కాక చిత్తూరులోను, కడపలోను, చెన్నపట్టణమున ఎగ్మూరులోని ప్రభుత్వ దస్త్రాగారములోను వెదకవలసియుండును.

పై అధికారుల దస్త్రములకు మూలము గ్రామమున ఉండెడిది. రాయలసీమ కరణములు తరతరములుగా కవిలెకట్టలు వ్రాసి ఉంచిరి. భూముల కొలతలు, ఇనాములు, చెరువుల మరమ్మతులు, కరవులు, దొరల దాడులు వాటిలో చోటుచేసికొన్నవి. దత్తమండలములను సర్వే చేయించిన కర్నల్ మెకంజీ ఈ సంపద విలువను గుర్తించెను. కావలి వెంకట లక్ష్మయ్య మొదలైన తెలుగువారి సహాయముతో ఊరూరికి మనుష్యులను పంపి, కవిలెలను చూచి గ్రామ వృత్తాంతములు వ్రాయించెను. వాటినే కైఫీయతులందురు. 1821లో మెకంజీ మరణించిన తరువాత అవి శిథిలమగుచుండగా సి.పి. బ్రౌను కొత్త ప్రతులు వ్రాయించి కాపాడెను. నేడు మనకు దక్కిన కైఫీయతులలో పెక్కు ఆ ప్రతులే.

ఆ బ్రౌను నివసించిన కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి అను ఆంగ్లోపన్యాసకుడు 1980లలో పూనుకొని, విరాళములు కూడగట్టి, బ్రౌను పేర ఒక గ్రంథాలయమును, పరిశోధన కేంద్రమును నెలకొల్పుటకు పాటుపడెను. 2006 నుండి అది యోగి వేమన విశ్వవిద్యాలయముతో చేరినది. కడప జిల్లా కైఫీయతులు అక్కడనుండి సంపుటములుగా వెలువడినవి. ఒక ఉపాధ్యాయుని పట్టుదల ఎంత చేయగలదో చూపుటకు ఇది చాలును.

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము, మునసబు ఉద్యోగములను రద్దుచేసెను. పరిపాలనలో అది పెద్ద మార్పు. కాని ఊరి కాగితములకు తరతరములుగా ఒక ఇల్లు, ఒక బాధ్యుడు ఉండిన ఏర్పాటు కూడ దానితో ముగిసినది. నాటి తరమువారు వృద్ధులైరి. ఇంటిని పడగొట్టి మేడ కట్టు దినమున అటకమీది మూట చిత్తుకాగితముల అంగడికి పోవును. అందుచే ఈ పనికి వ్యవధి తక్కువ.

చిన్న పట్టణము, పెద్ద సాక్ష్యము

చిన్న పట్టణపు కాగితములలో విలువైన దేముండునని సందేహింపవచ్చును. మదనపల్లెనే చూడుడు. అనీబిసెంటు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు వచ్చెను. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఆతిథ్యమున ఉండి, ఫిబ్రవరి 28న 'జనగణమన'ను ఇంగ్లీషులోనికి అనువదించెను. కజిన్స్ భార్య మార్గరెట్టు దాని బాణీకి స్వరలిపి కూర్చెను. ఒక కళాశాల ఆనాటి కాగితములను, జ్ఞాపకములను పదిలపరచినందుననే ఈ సంగతిని తేదీతో సహా చెప్పగలుగుచున్నాము.

మదనపల్లెకు చేరువనే ఆరోగ్యవరమున 1915లో క్షయరోగ చికిత్సాలయము వెలసినది. అక్కడి వైద్యులు 1950-1955 నడుమ మదనపల్లె పరిసర ప్రజలను పరీక్షించి క్షయ వ్యాప్తిని గూర్చి పరిశోధించిరి. డాక్టరు ఫ్రిమోట్ మోలర్ వ్రాసిన ఆ ఫలితములను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో 1960లో ప్రకటించెను. ఊరూర, ఇంటింట జాగ్రత్తగా నింపిన చీట్లే ఆ పరిశోధనకు పునాది. ఎవరికి ఏ యేట పరీక్ష జరిగినది, తరువాత ఏమైనది అను వివరము తప్పిపోయి ఉన్నచో ఆ శాస్త్రమే లేదు. వర్షపాత పుస్తకము, చెరువు నీటిమట్టపు లెక్క, సంత ధరల పట్టీ కూడ ఇట్టివే. నేడు వాతావరణము మారుచున్నదని మనము చెప్పుకొనుచున్నాము. ఎంత మారినదో చెప్పుటకు నిన్నటి లెక్క ఉండవలెను గదా.

ఆ పట్టణముననే మరియొక పాఠము కూడ కలదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయము అగ్నికి ఆహుతి కాగా అనేక దస్త్రములు కాలిపోయినవి. భూమి కాగితము ఒక్కచోటనే ఒక్క ప్రతిగా ఉన్నపుడు ఆ కాగితమునకు వచ్చిన ఆపద రైతునకు కూడ వచ్చినట్లే. దస్త్రాగారము చరిత్ర ప్రియుల వేడుక కాదని, సామాన్యుని హక్కులకు ఆధారమని దీనివలన తెలియును.

కాగితము ఎందుకు ముసలిదగును?

నిప్పు, నీరు ఒక్కసారిగా వచ్చు శత్రువులు. అంతకంటె ఎక్కువ కాగితమును చంపునది నెమ్మదిగా జరుగు రసాయన చర్య. కాగితము సెల్యులోజు పోగులతో అయినది. గ్లూకోజు కణములు వేలకొలది వరుసగా చేయి చేయి పట్టుకొని నిలిచిన గొలుసే సెల్యులోజు. గొలుసులు పొడవుగా ఉన్నంతవరకు కాగితమును మడిచినను చిరగదు. ఆమ్లమును, తేమయు కలిసినపుడు నీటి అణువు గొలుసు లంకెలలో చొచ్చుకొని వాటిని తెంచును. దీనిని జలవిశ్లేషణ అందురు. గొలుసులు పొట్టివి అయిన కొలది కాగితము అప్పడమువలె పెళుసగును.

ఆ ఆమ్లము ఎక్కడనుండి వచ్చును? చాలవరకు కాగితములోనే ఉండును. పూర్వము చింకిగుడ్డల గుజ్జుతో చేసిన కాగితము గట్టిది. 19వ శతాబ్దమున యంత్రములు వచ్చిన పిమ్మట, సిరా ఊరిపోకుండ పటికను, రోజిన్ అను చెట్టుబంకను కాగితమునకు పట్టించిరి. పటిక తేమతో కలిసి ఆమ్లము పుట్టించును. తరువాత కొయ్యగుజ్జు వాడుకలోనికి వచ్చినది. కొయ్యలోని లిగ్నిన్ వెలుతురు సోకి పచ్చబడి మరికొంత ఆమ్లమును ఇచ్చును. అమెరికాలో విలియం బారో 1900-1949 నడుమ అచ్చయిన 500 పుస్తకముల కాగితమును పరీక్షించి, వాటిలో చాలవరకు మరి ఏబది ఏండ్లు కూడ పనికిరావని 1959లో తెలిపెను. అందుచే మన తాత చేతివ్రాత దస్తావేజు గట్టిగానే ఉండగా, తండ్రి దాచిన వార్తాపత్రిక చేతిలోనే ముక్కలగుట చూచుచుందుము.

సిరా సంగతియు ఇట్టిదే. తాటాకుపై గంటముతో గీసి మసి పూయుదురు. మసి కర్బనము; అది దేనితోను కలియదు గనుక అక్షరము చెదరదు. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి చేసిన సిరా మొదట నల్లగా మెరయును. అన్నభేది ఇనుపధాతువు గల లవణము. దానినుండి పుట్టు గంధకామ్లము క్రమముగా కాగితమును తినును. పాత పత్రములలో అక్షరములున్న చోట చిల్లులు పడుట అందువలననే.

విద్యార్థులు దీనిని తామే చూడవచ్చును. ఒక వార్తాపత్రిక ముక్కను, ఒక మంచి నోటుపుస్తకపు కాగితమును తీసికొని, రెంటిని సగము వరకు దళసరి అట్టతో కప్పి ఎండలో వారము దినములుంచుడు. పత్రిక ముక్కలో ఎండ సోకిన సగము గోధుమవన్నె అగును. రెండవ కాగితమున మార్పు తక్కువగా ఉండును. రెంటి మూలలను మడిచి, తిరిగి వెనుకకు మడిచి, ఎన్ని మడతలకు తెగునో లెక్కింపుడు. ఈ పరీక్ష చిత్తుకాగితముపైనే చేయవలెను గాని పాత పత్రముపై చేయరాదు.

వేడి పెరిగిన కొలది రసాయన చర్య వేగము పెరుగును. తేమ యెక్కువైనచో బూజు పట్టును. మరీ తక్కువైనచో కాగితము ఎండి విరుగును. మన ప్రాంతమున వేసవి ఎండ ఒక కష్టము, ఈశాన్య ఋతుపవనపు ముసురు వేరొక కష్టము. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలను ఎవరును మరువలేదు. కాబట్టి రేకుల గది, వంటింటి గోడ, నీటిగొట్టములు పోవు గది పనికిరావు. ఉత్తరపు వైపు నీడ గది మేలు. బీరువాను గోడకు జానెడు దూరమున, నేలకు జానెడు ఎత్తున ఉంచవలెను. అప్పుడు గాలి ఆడును. చెదలు పట్టినచో కంటపడును. కట్టలను ఉతికిన ముతక నూలుగుడ్డలో చుట్టినచో దుమ్ము చేరదు, తేమ హెచ్చుతగ్గుల దెబ్బయు తగ్గును. తడిసిన కాగితమును ఎండలో పరవరాదు. నీడలో పంకా గాలికి, మధ్య మధ్య తెల్లని పీల్చుడు కాగితములుంచి, రెండు దినములలోపల ఆరబెట్టవలెను. ఆలస్యమైనచో బూజు తప్పదు.

మేలు చేయబోయి చేయు కీడు

పాత దస్తావేజును ప్లాస్టికు పొరలో పెట్టించి వేడి యంత్రములో లామినేషను చేయించుట నేడు ప్రతి పట్టణమున కలదు. చూచుటకు అది రక్షణవలె ఉండును. నిజమునకు వేడి కాగితమును ఒక్క క్షణమున ముసలిదానిని చేయును. లోపలి ఆమ్లము లోపలనే చిక్కుకొని తన పని తాను చేయును. కరిగిన ప్లాస్టికు పోగులలో ఇంకిపోవుటచే మరల విడదీయుట అసాధ్యము. ఢిల్లీలోని జాతీయ దస్త్రాగారము వేడి లేకుండ అసిటోను ద్రవముతో సెల్యులోజు అసిటేటు పొరను అంటించు పద్ధతిని రూపొందించినది. అది ఒక తరము వరకు పెక్కు దేశములకు దారి చూపినది. ఆ అసిటేటు పొర కూడ కాలక్రమమున విచ్ఛిన్నమై వెనిగరు వాసన వేయునని తరువాత తెలిసినది. అందుచే ఈ శాస్త్రమున నేటి మొదటి సూత్రము ఇది: తిరిగి తీసివేయుటకు వీలులేని పని ఏదియు చేయరాదు.

ఈ సూత్రమును బట్టి తక్కినవన్నియు తెలియును. అంటుటేపు వేయరాదు, దాని జిగురు పసుపుపచ్చ మరకగా మిగులును. గుండుసూదులు, క్లిప్పులు తుప్పుపట్టును. రబ్బరు బాండు కరిగి అంటుకొనును. వాటిని మెల్లగా తీసివేసి నూలుపట్టీతో కట్టవలెను. సంస్థ ముద్రను పత్రముపై వేయరాదు. సంఖ్యను పెన్సిలుతో మూలన వ్రాయవలెను. చిరిగినదానిని అంటింపక, మడత విప్పి, ఆమ్లము లేని దళసరి కాగితపు కవరులో ఉంచినచో చాలును. ముందు ముందు నిపుణుడు వచ్చి గోధుమగంజి జిగురుతో బాగుచేయగలడు. ఏమియు చేయకుండుట కూడ ఒక్కొక్కసారి గొప్ప చికిత్స.

పట్టిక వ్రాయు విధము

ఇక రెండవ రక్షణ. 1898లో ముగ్గురు డచ్చి పండితులు వ్రాసిన ఒక పుస్తకమునుండి లోకమంతట వ్యాపించిన సూత్రము కలదు. ఒక ఇంటినుండి వచ్చిన కాగితములను వేరొక ఇంటివానితో కలుపరాదు. ఆ ఇంటివారు ఉంచిన వరుసను చెరుపరాదు. విషయములవారీగా విడదీసి సర్దుట గ్రంథాలయమునకు తగును గాని దస్త్రములకు తగదు. ఒక నేతగాని ఇంట మగ్గపు లెక్కల నడుమ ఒక రైలు టిక్కెట్టు దొరికినదనుకొందము. లెక్కల నడుమ ఉన్నంతవరకు అది సరకు అమ్ముటకు అతడు ఏ ఊరు పోయెనో తెలుపు సాక్ష్యము. టిక్కెట్ల కట్టలోనికి మార్చినచో వట్టి అట్టముక్క.

కాబట్టి గట్టి బైండుగల ఒక పుస్తకములో ఈ గడులు గీయవలెను: వరుస సంఖ్య, చేరిన తేదీ, ఎవరు ఇచ్చిరి, ఏ ఇంట, ఎక్కడ, దేనితో కలిసి ఉండెను, ఏమిటి, ఏ భాష, ఏ లిపి, ఎన్ని పుటలు, స్థితి, ఎవరికి చూపవచ్చును. మన సీమలో తెలుగుతోపాటు తమిళము, కన్నడము, ఉర్దూ, మోడి లిపిలోని మరాఠీ కాగితములు కనబడవచ్చును గనుక లిపి గడిని వదలరాదు. మూలమును ఇచ్చుటకు ఇష్టపడనివారిని బలవంతపెట్టరాదు. ఒక దినమునకు అరువు తెచ్చి ఛాయాచిత్రము తీసి తిరిగి ఇచ్చివేయవలెను. రోగుల వివరములు, కులము, అప్పులు, దావాలు గల కాగితములను బ్రతికియున్నవారి గౌరవమునకు భంగము కలుగకుండ కొంతకాలము మూసియుంచవలెను.

ఏమి చేర్చవలెను? ప్రాచీనమైనదే కావలెనని లేదు. నాటకముల కరపత్రములు, సినిమా ప్రకటనలు, పెండ్లిపత్రికలు, పంచాయతీ నోటీసులు, పాల సంఘపు లెక్కలు, బడి వార్షికోత్సవపు ఫోటోలు అన్నియు చరిత్రయే. ఫోటో వెనుక పేర్లు లేనిచో పెద్దలు ఉన్నపుడే అడిగి పట్టికలో వ్రాయవలెను. పేర్లు చెప్పగల అవ్వ గతించిన మరునాడు ఆ ఫోటో అనాథ యగును.

సెల్‌ఫోనుతో తీసిన చిత్రము మంచి సహాయకారి. కిటికీ ప్రక్క నీడలో, మెరుపుదీపము లేకుండ, ప్రక్కన స్కేలు ఉంచి నిలువుగా పైనుండి తీయవలెను. ఫైలుకు పట్టికలోని సంఖ్యనే పేరుగా పెట్టవలెను. కంప్యూటరు డిస్కు కాగితమంత కాలము బ్రతకదు; కొన్ని ఏండ్లలో చెడిపోవును. అందుచే మూడు ప్రతులుంచి, వాటిలో ఒకదానిని వేరొక భవనములో దాచి, మూడు నాలుగేండ్లకొకసారి కొత్త డిస్కులోనికి మార్చవలెను. బ్రౌను ప్రతులు వ్రాయించినది కూడ ఈ కారణముచేతనే. పనిముట్టు మారినదిగాని సూత్రము మారలేదు. ఛాయ తీసితిమిగదా యని మూలమును పారవేయరాదు. కాగితపు రకము, సిరా, వెనుకవైపు గీతలు, మడతలు సైతము ముందు తరముల శాస్త్రజ్ఞునకు మాటలాడును.

హైస్కూలులో దీనిని ప్రారంభించుటకు ఒక బీరువా, ఒక పుస్తకము, ఒక పెన్సిలు చాలును. మొదటి వస్తువుగా బడి ప్రవేశపు రిజిస్టర్లనే పరీక్షింపుడు. పాతది ఏ యేటిది, ఏ స్థితిలో ఉన్నది, ఎన్ని పుటలు లోపించినవి అని చూచి పట్టికలో ఒకటవ సంఖ్యగా వ్రాయుడు. ప్రధానోపాధ్యాయుని అనుమతితో దాని ప్రతిని తీసి వేరొకచోట ఉంచుడు. తరువాత ఒక్కొక్క విద్యార్థి తన ఇంటి అటకమీద ఉన్నదేమిటో పెద్దలనడిగి ఒక పుట వివరము తెచ్చునట్లు చేయుడు. నలుబదిమంది గల తరగతిలో ఒక్క నెలలో నలుబది ఇండ్ల సంగతి తెలియును. ఏ ఇంట ఏమి ఉన్నదో తెలిసిన ఊరిలో మూట అంగడికి పోవుటకు పూర్వము అడ్డుపడు వారొకరైనను ఉందురు.